లైటు లేని షూటింగు

మా ఆయనకు సినిమా అంటే ఫైటు ఉండల్ల, పాట ఉండల్ల, ఆఖర్న విలన్‌కు బాగా తన్నులు పడల్ల. అట్లాంటి మనిషి పక్కన కూర్చోని నేను మొదటిసారి ఆ డైరెక్టరు సినిమా చూస్తాంటే, రోంతసేపు ఓపిక పట్టి, "ఏమే, నీ ఫోను హ్యాంగయినట్లుండాది, చూసుకో" అన్నాడు. ఫోను హ్యాంగు కాలేదు. తెర మీద గోడమేకుకు ఒక కండక్టరు చొక్కా వేలాడతాంది. కండక్టరు డ్యూటీ దిగి ఇంటికొచ్చి, చొక్కా ఇప్పి మేకుకు తగిలించి లోపలికి పోయినాడు. కెమెరా ఆయన ఎనకాల పోలేదు, చొక్కా తావనే నిలబడింది. లోపల మొగుడూ పెళ్ళాం కొట్లాడుకుంటాండారు. బిడ్డకు జ్వరం, మందు తేలేదని ఆయమ్మ, మర్చిపోతినని ఈయన. మనకు కనపడేది మాత్రం ఆ చొక్కా ఒకటే. మాటలు ముదిరేకొద్దీ ఆ చొక్కాను చూస్తా చూస్తా నాకు కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి. మా ఆయన నన్ను చూసినాడు, ఫోను చూసినాడు. "చొక్కాను చూసి ఏడుస్తాంది రా దేవుడా!" అని లేచి పోయినాడు.

నాది ఆదోనిలో జిరాక్స్ అంగడి. పొద్దున ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్ళు ఎగబడతారు, మధ్యాహ్నమైతే ఈగలు తోలుకోవల్ల. ఆ మధ్యాహ్నాలన్నీ ఆ డైరెక్టరుకే రాసిచ్చినట్లయింది. పేరు చెప్పను. చెప్పినా చానామందికి తెలీదు. ఆయన సినిమాలు టాకీసుల్లోకి రావు, హీరోలుండరు, పోస్టర్లుండవు. ఉన్న ఇండ్లల్లో, ఉన్న మనుషులతో, ఉన్నది ఉన్నట్టు తీస్తాడు. కెమెరా కిందనే పెడతాడు, మన ఇంటికి వచ్చిన చుట్టం చాప మీద కూర్చోని చూస్తాన్నట్లు. మాట్లాడే మనిషిని చూపించడు, వినే మనిషిని చూపిస్తాడు. అన్నిటికంటే నాకు పిచ్చి పట్టించింది ఒకటుంది. పని అయిపోయినాక, మాట అయిపోయినాక గూడ ఆయన కెమెరా ఆపడు. మనిషి ఇంక నన్నెవరూ చూడడం లేదులే అనుకున్నాక మొహం ఎట్ల మారుతాదో, అది తీస్తాడు. అబ్బ, ఆ గడియ కోసం నేను కాచుకోని కూర్చునేదాన్ని.

ఊరికే చూసి ఊరుకున్నానా? లేదు. ఫేస్‌బుక్కులో ఒక్కో సినిమాకు చాటభారతం రాసేదాన్ని. "ఈయన దేన్నీ ముట్టుకోడు, దేన్నీ సర్దడు, నిజం తనంతట తాను వచ్చి ఆయన ముందర కూర్చుంటాది" అని రాసినాను ఒకసారి. రాసి, నేనే నాలుగుసార్లు చదువుకోని మురిసిపోయినా. కింద ఆయనే వచ్చి "ధన్యవాదాలు, బాగా చూశారు" అని పెట్టినాడు. ఆ పొద్దు ఇంట్లో కూరలో ఉప్పేసినానో లేదో గూడ నాకు గుర్తు లేదు. మా ఆయన మాత్రం తిన్నాక, "మీ డైరెక్టరు సారు ఉప్పు గూడ ముట్టుకోడా?" అన్నాడు.

కెమెరా పట్టుకోని మా పక్కకు వచ్చేవాళ్ళంతా ఉగాది అయినాక కైరుప్పలకే పోతారు, జాతరలో పిడకల కొట్లాట తీసుకోనీకి. దుమ్ము, అరుపులు, బొప్పి కట్టిన నెత్తులు తీసుకోని సాయంత్రానికి వెళ్ళిపోతారు. ఈయన అట్ల కాదు. ఒకనాడు ఫోన్ చేసి, "ఎమ్మిగనూరులో మగ్గం ఉన్న ఇల్లు ఒకటి కావాలండీ. రెండు మూడు రోజులు ఊరికే ఆ ఇంట్లో కూర్చుంటాను. వాళ్ళ పని వాళ్ళు చేసుకుంటారు, నేను తీసుకుంటాను" అన్నాడు. మా అక్క ఇల్లే ఉంది కదా! మా పుట్టిల్లూ అదే ఊరు, మాదీ మగ్గాల ఇల్లే. నేను ఆదోనికి పెండ్లయి వచ్చేసినా, అక్కను ఆ ఊర్లోనే ఇంకొక మగ్గాల ఇంటికి ఇచ్చినారు. బావ, అక్క, అక్క అత్త ముగ్గురూ ఆ పనిలోనే ఉండారు. గంట ప్రయాణం, కానీ నేను అక్క ఇంటికి పోయేది పండక్కో పబ్బానికో. పోయినా చెప్పులు గడప తావనే ఉంటాయి, బస్సు టైమ్ చూసుకుంటా కూర్చుంటా.

షూటింగుకు ముందునాడు నేను ఎమ్మిగనూరుకు పోయినా. ఇంట్లోకి అడుగు పెడ్తూనే నా మొహం మాడిపోయింది. అక్క ఇల్లంతా కడిగి, గడపకు పసుపు రాసి, మగ్గం పక్కన గోడకు కొత్త క్యాలెండరు తగిలించింది. పడసాలలో కొత్త ఫ్రిజ్జు, దాని మీద ప్లాస్టిక్ పూలు. అక్క దువ్వుకోని, పూలు పెట్టుకోని, గోరింటాకు రంగు చీర కట్టుకోని నిలబడింది. పసుపు అంచు. అది బావ అక్క కోసమని నేసిన చీర. పండగనాటి దేవుని పటం మాదిరి నవ్వుతాంది అక్క. "ఎట్లుంది మే?" అనింది.

ఆ డైరెక్టరు సినిమాల్లో ఇట్లాంటి ఇల్లు నేను ఎప్పుడూ చూడలేదు. మట్టిగోడ, వంగిపోయిన సత్తుగిన్నె, మాసిన చీర, అవే నా కండ్లల్లో ఉండేవి. ఆయన వచ్చి ఈ ప్లాస్టిక్ పూలను చూసి, ఈమెనా నా సినిమాలను అర్థం చేసుకున్నది అనుకుంటాడేమోనని నాకు తల కొట్టేసినట్లయింది. ఇంక చూడండి నా సోకు! పూలు తీసేసినా, క్యాలెండరు తీసేసినా, ప్లాస్టిక్ కుర్చీలు మిద్దె మీదికి ఎక్కించినా. బావను పిలిచి ఫ్రిజ్జును లోపలి రూములోకి తోపించి, మీద దుప్పటి కప్పినా. బావ మగ్గం తావ తప్ప యాడా మాట్లాడడు. ఆఖరికి అక్కతో, "ఈ చీర ఇప్పెయ్ అక్కా. రోజూ పనిలో కట్టుకునేది కట్టుకో. బాగా పాతది" అన్నా.

"సినిమాలో పడేదానికి పాత చీర కట్టుకుంటారా ఎవురన్నా?"

"ఆయన సినిమాలు వేరే అక్కా. నీకు తెలీదు."

అక్క నా మొహం చూసింది. "నీకు తెలిసినంత నాకేం తెలుసులే" అని లోపలికి పోయి మార్చుకోని వచ్చింది. మోచేతి తావ చినిగి, కుట్టేసుకున్న రవిక, రంగు పోయిన చీర. పూలు గూడ తనే తీసేసింది, నేను చెప్పకుండానే.

మరుసటి రోజు ఆయన వచ్చినాడు, తోడు ఒక సౌండు అబ్బాయి. సన్నగా, నెమ్మదిగా ఉండే మనిషి. గడపలో నిలబడి ఇల్లంతా చూసి, "నా కోసం ఏమీ మార్చలేదు కదండీ?" అని అడిగినాడు. నేను టకీమని, "ఏమీ లేదు సార్. మా అక్కోళ్ళ ఇల్లు ఎప్పుడూ ఇంతే" అన్నా. అక్క నా పక్కనే ఉంది. చినిగిన మోచేతి మీదికి కొంగు లాక్కునింది.

ఆ రెండు మూడు రోజులు నేను ఎంత సంబరపడినానో చెప్తే నాకే అసహ్యంగా ఉంది. ఆయన పక్కనే నేల బండల మీద బాసిపెట్లు వేసుకోని కూర్చున్నా. ఆయన కెమెరా యాడ పెడతాండాడో, ఏంటికి పెడతాండాడో నాకు ముందే తెలిసిపోతాంది. నేను లోపల అనుకున్న చోటనే ఆయన పెడ్తే, పరీక్షలో పాసయినట్లు ఉబ్బిపోతాంటి.

మా పక్క జనానికి షూటింగు అంటే పెండ్లి వీడియోనే. వీడియో అతను వస్తాడు, నెత్తి మీద పెద్ద లైటు వెలుగుతాది, కండ్లు చెదురుతాయి. లైటు వెలిగితే అందరూ కొంగులు సర్దుకుంటారు, లైటు ఆరిపోతే హమ్మయ్య అని ముచ్చట్లు పెట్టుకుంటారు. ఈ డైరెక్టరు లైటే వాడడు. కిటికీలో నుంచి వచ్చే వెలుతురే చాలు అంటాడు. అక్కకు, అక్క అత్తకు అది చెప్పల్లని నాకు తోచలేదు. రెండోనాడు ఆయన కెమెరాను మూలన పెట్టి ఆన్ చేసి, "మనం బయటికి వెళ్దాం, వాళ్ళను వదిలేద్దాం" అని మమ్మల్ని టీ అంగడికి పిల్చుకోని పోయినాడు. లోపల కెమెరా నడుస్తాందని అప్పుడు నాకు గూడ తెలీదు. నేను ఆయన పక్కన నిలబడి టీ తాగుతా, నిజం ఎట్ల పట్టుకోవల్లనో ఆయనకే పాఠం చెప్తాంటి.

చాన్నాళ్ళకు, ఎండలు ముదిరినాక, అంగడిలో ఒక్కదాన్నే ఉన్నప్పుడు ఆయన ఫోన్ చేసినాడు. "ఒక షాటు పంపిస్తున్నాను. చూసి మాట్లాడండి" అన్నాడు. గొంతులో ఎప్పుడూ ఉండే నెమ్మదే, కానీ ఇంకేదో ఉంది.

చూసినా. అక్కా, వాళ్ళ అత్తా ఎదురెదురుగా కూర్చోని, మగ్గానికి మిగిలిన పాత పడుగు కొసలకు కొత్త పడుగు పోగులు అతుకుతాండారు. వేళ్ళకు బూడిద రాసుకోని, ఒక్కొక్క పోగు తీసి మెలిపెట్టే పని. కిటికీ వెలుతురు వాళ్ళ చేతుల మీదనే పడతాంది. అబ్బబ్బ, ఏం ఫ్రేము! ఆయన సినిమాలన్నిటిలో ఇంత చక్కటిది లేదనుకున్నా. అప్పుడు అత్త అడిగింది.

"వాళ్ళు యాడికి పోయినారే?"

"టీ తాగనీకి పోయినారు. లైటు గీటు ఏం లేదు, ఇంకా మొదలు పెట్టలేదేమో."

"నీ చెల్లెలు భలే వచ్చిందే ఈసారి. ఇల్లు కదలడమే లేదు."

"నా కోసం వచ్చిందా అత్తా? ఆయప్ప కోసం వచ్చింది." అక్క చేతులు ఆగలేదు. "మన పాప పెద్దమనిషయినప్పుడు ఫంక్షనుకు వచ్చి అన్నం గూడ తినకుండా పాయ. కుర్చీ కొంగుతో తుడుచుకోని కూర్చునింది. ఈ పొద్దు చూడు, బండల మీద ఎట్ల కూర్చునిందో."

అత్త వేళ్ళకు ఇంకరోంత బూడిద రాసుకునింది.

"ఫ్రిజ్జు మీద దుప్పటి కప్పింది, చచ్చిన మనిషికి కప్పినట్లు. దొంగసొత్తా అది? చీర గూడ అంతే. ఎవురెవురికో నేస్తిమి ఇన్నేండ్లు. నాకని మీ కొడుకు నేసింది అదొక్కటే. నలుగురు చూస్తారు కదాని ఆశగా కట్టుకుంటి. ఇప్పెయ్యమనింది. మేము ఇట్ల ఉంటేనే దానికి బాగుంటామేమో." ఇంకొక పోగు తీసి మెలిపెట్టింది. "పోనీలే. పెద్దోళ్ళ మధ్యలో తిరిగేది, దాని మర్యాద దానికి."

షాటు ఇంకా నడుస్తానే ఉంది. అక్క మొహం తీరిగ్గా, ఎవరూ చూడని మొహం. నేను కాచుకోని కాచుకోని చూసే గడియ అదే. సిగ్గుతో చెవులు కాలిపోతాంటే గూడ, నా లోపల ఒక దిక్కుమాలిన గొంతు "ఎంత బాగా వచ్చిందో" అంటానే ఉంది. థూ, నా బతుకు! జిరాక్స్ కోసం ఎవరో ఆధార్ కార్డు పట్టుకోని వచ్చి నిలబడినా, మిషను చెడిపోయిందని పంపించేసినా.

ఆయనకు ఫోన్ చేసినా. "ఏమీ మార్చలేదన్నారు కదండీ" అన్నాడు ఆయన, అంతే. ఆయనే మళ్ళా అన్నాడు. "మిమ్మల్ని అనడం లేదు. గోడ మీద క్యాలెండరు తీసిన మచ్చ తెల్లగా కనిపిస్తూనే ఉంది. నేను చూడలేదు. చూడాలనుకోలేదేమో. ఇప్పుడు ఈ షాటు ఉంటే సినిమాలో మిగిలినదంతా మీరు సర్దిందని తెలుస్తుంది. లేకపోతే అంతా నిజమనుకుంటారు. నాకు ఇది ఉండాలి. కానీ ఆవిడకు తెలియకుండా తీసింది, ఆవిడ వద్దంటే తీసేస్తాను. మీరు చూపించి అడగండి."

ఎమ్మిగనూరు బస్సులో కూర్చున్నంతసేపూ నేను ఒకటే కోరుకున్నా. అక్క వద్దనల్ల. కండ్లు మూసుకుంటే ఏదో పెద్ద హాలు, మంచి మంచి బట్టలేసుకున్న జనం, తెర మీద అక్క "కుర్చీ తుడుచుకోని కూర్చునింది" అంటాంటే అందరూ తిరిగి నన్ను చూస్తాన్నట్లే ఉంది. ఫేస్‌బుక్కులో నా రాతలు చదివినోళ్ళంతా చూస్తారు. దేన్నీ ముట్టుకోడు, దేన్నీ సర్దడు అని రాసింది నేనే కదా. అక్క బాధ నాకు అప్పుడు యాడ గుర్తొచ్చింది? నా పరువే నా నెత్తిన కూర్చునింది.

అక్కకు ఫోను చేతికిచ్చి, నేను బండల మీద కూర్చున్నా. ఆమె తన గొంతు విని ముందు నవ్వింది, తర్వాత నోటికి కొంగు అడ్డం పెట్టుకునింది. "అయ్యో, లైటే లేకపాయ కదే! ఇదంతా పడిందా?" అయిపోయేదాకా చూడలేదు, ఫోను నా ఒళ్ళో పడేసింది. నా మొహం చూడనీకే ఆమె సిగ్గుపడతాంది. నేను పడాల్సిన సిగ్గు!

"తీసేయమను మే. బిన్న ఫోన్ చెయ్, ఇప్పుడే."

"నువ్వు అన్నదాంట్లో అబద్ధమేముంది అక్కా?" అన్నా. నోటితో అన్నా గానీ గట్టిగా అనలేదు.

"అబద్ధమో నిజమో. నా చెల్లెల్ని నేను ఇంట్లో అనుకుంటా, ఊరంతా వినల్లా? నలుగురిలో నీ తల దించుకునేట్లు చేస్తానా నేను? తీసేయమను."

అక్కడే నేను అక్కను ఆపల్ల. వద్దక్కా, ఉండనీ, నువ్వు ఆ మంచి చీర కట్టుకున్నావని లోకానికి తెలిసేది ఆ ఒక్క ముక్కతోనే అని చెప్పల్ల. ఆ మాట నాకు తెలుసు, డైరెక్టరు చెప్పినాడు. అక్కకు మాత్రం నేను చెప్పలేదు. "నీ ఇష్టం అక్కా" అన్నా. ఎంత చక్కటి మాట చూడండి, నీ ఇష్టం! ఆయనకు ఫోన్ కలిపి, "అక్క వద్దంటాంది సార్" అన్నా. "ఆవిడే అన్నారా?" అని అడిగినాడు. అక్క ఫోను లాక్కోని, "ఔ సారూ, నేనే అంటాండా. తీసేయప్పా, పుణ్యముంటాది" అనింది. ఆయన "సరేనమ్మా" అన్నాడు.

నాకు ఏడుపు రావల్ల కదా? రాలేదు. హాయిగా ఊపిరొచ్చింది. అక్క అన్నం పెడ్తే కడుపునిండా తిన్నా, ఆ పొద్దు బస్సు టైమ్ గూడ చూసుకోలేదు. ఆ హాయిని తల్చుకుంటే ఇప్పుడు నా మొహం నాకే చెల్లదు.

సినిమా తయారయినాక, ఆదోనిలోనే ఒక ఫంక్షను హాల్లో ఆదివారం పొద్దున చూపించినారు. పుస్తకాలు చదివే వాళ్ళు, టీచర్లు, లాయర్లు వచ్చినారు. కిటికీలకు నల్ల గుడ్డలు కట్టినారు. అక్కా బావా బస్సు దిగేసరికి మొదలయిపోయింది. చీకట్లో తడుముకుంటా వచ్చి అక్క నా పక్కన కూర్చునింది, బావ ఎనక వరసలో. తెర వెలుతురులో చూస్తే, అక్క గోరింటాకు రంగు చీర కట్టుకోని వచ్చింది. తలలో పూలు.

సినిమా బాగుంది. ఏం చెప్పల్ల, నిజంగానే బాగుంది. మగ్గం చప్పుడు, బావ కాళ్ళు, అత్త నూలు కండెలు చుట్టేది, చినిగిన రవికలో అక్క నీళ్ళు మోసేది. పడుగు అతికే షాటు రాలేదు. రాదని తెలిసి గూడ, అది రావాల్సిన చోట నేను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నా. యాడనో ఎవరో ముక్కు చీదుకుంటాండారు.

అక్కకు అటుపక్క కూర్చున్నామె, టీచరు మాదిరి ఉంది, కండ్లు తుడుచుకోని అక్క వైపు వంగింది. చీకట్లో, ఆ చీరలో, తెర మీద మనిషి ఈమేనని ఆమె పోల్చుకోలేదు.

"పాపం కదండీ! అంత మంచి చీరలు నేసే ఆయమ్మకు కట్టుకోనీకి ఒక్కటి గతి లేదు, చూడండి" అనింది.

నేను విన్నా. నోరు తెరిస్తే చాలు, చెప్పనీకి నాకు మాటలు ఉండాయి. తెరవలేదు.

అక్క నా పక్క తిరగలేదు. భుజం మీది కొంగు తీసి, అంచు కనపడకుండా లోపలికి మడుచుకుంటా, "లేదేమోమ్మా. ఉంటే కట్టుకోకుండా ఉంటాదా?" అనింది.